పదమూడో నెలలో నా పుట్టినరోజు

నా నలభయ్యో పుట్టినరోజు పదమూడో నెలలో వచ్చింది. అచ్చుతప్పు కాదు, పదమూడో నెలే. ఇథియోపియాలో ముప్ఫయ్యేసి రోజుల చొప్పున పన్నెండు నెలలు అయ్యాక, ఏడాదిలో మిగిలిన కాసిని రోజుల్నీ ఒక బుల్లి నెల కింద లెక్కేస్తారు. పేరు పాగుమె. మామూలుగా అయిదు రోజులు, నాలుగేళ్ళకోసారి ఆరు. మన అధికమాసం మూడేళ్ళకోసారి వచ్చి నెల పొడుగునా కూర్చుంటుంది. వాళ్ళది ఏటా వచ్చి వారం తిరక్కుండానే వెళ్ళిపోతుంది. ఆ నెలకి జీతం ఉండదు. "పదమూడు నెలల ఎండ" అని అప్పట్లో టూరిస్టులకి చెప్పుకునే దేశంలో జీతాలు మాత్రం పన్నెండే అని మా స్టాఫ్ రూములో పాత జోకు. న్యాయంగా చెప్పాలంటే మా ఇంటావిడ కూడా ఆ రోజులకి అద్దె తీసుకునేది కాదు.

2006 అక్టోబరులో వెళ్ళాను. ఆ రోజుల్లో మన వైపు నుంచి ఇథియోపియా యూనివర్సిటీలకి లెక్చరర్లు బస్సెక్కినట్టు విమానం ఎక్కేవారు. అక్కడ వరసగా కొత్త యూనివర్సిటీలు తెరుస్తున్నారు, చెప్పేవాళ్ళు కావాలి. ఇక్కడ మాకు చేతి నిండా అప్పులు, జీతం డాలర్లలో అనగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాకు పడిన ఊరు బహిర్ దార్. తానా సరస్సు ఒడ్డున, బ్లూ నైల్ నది ఆ సరస్సులోంచి బయటపడే చోట ఉంటుంది. 1,800 మీటర్ల ఎత్తు కాబట్టి మధ్యాహ్నం ఎండగా ఉన్నా రాత్రి దుప్పటి తప్పదు. ఊళ్ళో తిరిగేవి నీలంరంగు ఆటోలు. వాటిని అక్కడ ఆటో అనరు, "బజాజ్" అంటారు. దిగిన రోజు బస్టాండులో ఒక కుర్రాడు "బజాజ్! బజాజ్!" అని అరుస్తుంటే, ఎవరో తెలిసినవాళ్ళు పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశాను.

అద్దెకి దొరికింది ఒక గిబీలో గది. గిబీ అంటే ప్రహరీగోడ లోపలి ఆవరణ. ముందు ఇంటివాళ్ళ ఇల్లు, వెనక మూడు గదుల వరస, మధ్యలో మామిడిచెట్టు, గేటు పక్కన అరటిచెట్టులాంటిది ఒకటి. అరటే అనుకుని గెల ఎప్పుడేస్తుందా అని ఆరునెలలు చూశాను. అది తినే గెల వెయ్యదు. కోబా అంటారు, ఆ వైపు ఆకు కోసమే పెంచుతారు. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. పెద్దావిడని పేరు పెట్టి పిలవరు కాబట్టి అందరిలాగే నేనూ "ఎమామా" అనేవాణ్ణి. అంటే ఇంచుమించు మన అమ్మమ్మ, మామ్మ. ఆవిడతోపాటు కూతురు, ఏడేళ్ళ మనవడు.

మొదటి నెలల్లో నా సమస్య తిండి. మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. అక్కడ బుధ, శుక్రవారాలు వాళ్ళకి ఉపవాసం. ఉపవాసమంటే అన్నం మానెయ్యడం కాదు. పొద్దున ఏమీ తినకుండా ఉండి, తరవాత మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ఏవీ తగలని భోజనం చెయ్యడం. ఈస్టర్ ముందు అయితే ఏకంగా 55 రోజులు. వాళ్ళ ఉపవాసాలు నాకు పండగలు. ఆ రోజుల్లో ఏ హోటల్‌కి వెళ్ళినా ఇంజెరా అనే పెద్ద అట్టు మీద రంగురంగుల కూరలు ముగ్గు వేసినట్టు పెట్టి తెచ్చేవారు. మిగతా రోజుల్లో గదిలో కిరసనాయిలు స్టవ్వు, అన్నం, టమాటా పచ్చడి.

ఎమామాకి నా సంగతి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. పెరుగు తింటాను. నెయ్యి తింటాను. కోడి తినను. ఆవిడ లెక్క ప్రకారం మనుషులు రెండు రకాలు: ఉపవాసం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. నేను ఏ గూట్లోనూ పట్టలేదు.

"నీ ఉపవాసం ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగింది ఒకరోజు, కూతుర్ని మధ్యలో పెట్టి.

"అవదు ఎమామా."

"పుట్టిన దగ్గర్నుంచీనా?"

"పుట్టిన దగ్గర్నుంచే."

ఆవిడ నా వైపు కాసేపు చూసి, చాలా జాలిగా అడిగింది. "అంత తప్పేం చేశావు నాయనా?"

ఇంజెరా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు రుచించదు. తెఫ్ అని ఒక ధాన్యం. మన రాగులు దాని పక్కన కందిగింజల్లా కనిపిస్తాయి, అంత సన్నం. ఆ పిండిని కలిపి, కిందటి పిండి మీద తేరిన పసుపునీళ్ళు కాసిని తోడు వేసి, రెండు మూడు రోజులు పులవనిస్తారు. పులిసిన పిండిలోంచి కొంచెం తీసి గంజిలా కాచి మళ్ళీ అందులోనే కలుపుతారు. ఆ కిటుకు తెలియక మా మలయాళీ మాస్టారి భార్య రెండేళ్ళు ఇంజెరా చెడగొట్టుకుందిట. తరవాత చాపంత మట్టిపెనం, మితాద్ అంటారు, దాని మీద బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోసి మూత పెడతారు. తిరగెయ్యరు. మీద వేలకొద్దీ చిల్లులు పడతాయి. వాటిని వాళ్ళు కళ్ళు అంటారు. కళ్ళు సమంగా పడితే ఇల్లాలి చెయ్యి మంచిదని లెక్క. దోశ తినే జాతికి ఇది కొత్త కాకూడదు. అయినా మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు పులిసిపోయిన అట్టుని తడిబట్టలో చుట్టి ఇచ్చినట్టుంది. మూడోవారానికి అలవాటైంది. ఆర్నెల్లకి అది లేకపోతే తోచని పరిస్థితి.

అలవాటు కానిది ఇంకొకటి ఉంది. అక్కడ ఒకే పళ్ళెంలో తింటారు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, చుట్టాలొచ్చినా, మెసోబ్ అని బుట్టలా అల్లిన బల్ల మీద ఒకే పెద్ద పళ్ళెం, చుట్టూ అందరూ. ఎవరి వైపు ఇంజెరా వాళ్ళు చింపుకుని మధ్యలో కూరలో అద్దుకుంటారు. నేను పెరిగిన ఇంట్లో అన్నం గిన్నెకి చెయ్యి తగిలితే కడుక్కోవాలి, మంచినీళ్ళు ఎత్తి పోసుకోవాలి, అన్నదమ్ములమైనా ఒకరి కంచంలోది ఒకరం తీసుకుంటే మా నాయనమ్మ ఎంగిలి ఎంగిలి అని కేకలేసేది. అందుకని ఎవరు పిలిచినా కడుపు బాలేదనో, కారం పడదనో సాకు చెప్పి వేరే పళ్ళెం అడిగేవాణ్ణి. ఇచ్చేవారు. వాళ్ళ మొహాలు చిన్నబోవడం చూసీ చూడనట్టు తినేవాణ్ణి. ఇవాళ తలుచుకుంటే సిగ్గుగానే ఉంది.

2007 ఆగస్టు అయ్యేసరికి ఊరంతా ఒకటే హడావుడి. మనకి 2007 అయితే వాళ్ళకి 1999. సెప్టెంబరు 12న వాళ్ళ 2000 సంవత్సరం మొదలు. లోకమంతా ఏడేళ్ళ కిందట జరుపుకున్న సంబరం వాళ్ళు తీరిగ్గా జరుపుకోబోతున్నారు. ఎక్కడ చూసినా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జెండాలు, రంగులు. మా వేసవి తరగతులు అప్పుడే అయిపోయాయి. వేసవి అంటున్నానే గానీ అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత వాన. సెలవులకి ఇంటికి రావడానికి టికెట్టు డబ్బులు మిగిల్చుకుందామని ఆగిపోయాను. ఆగిపోయానని గొప్పగా చెబుతున్నా, అప్పుడు రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి వాన చూస్తూ మా అమ్మాయి ఎంత పొడుగైందో అనుకోవడమే పని.

పుట్టినరోజు సంగతి బయటపడింది మా డిపార్టుమెంటు కుర్రాడి వల్ల. ఏవో ఫారాలు నింపుతూ నా పాస్‌పోర్టు చూశాడు. సెప్టెంబరు 8, 1967. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, "పాగుమె మూడు! శనివారం! రుఫాయేల్ రోజు!" అన్నాడు. రుఫాయేల్ అంటే వాళ్ళు కొలిచే ఒక దేవదూత, పాగుమె మూడు ఆయన పండగ. వెంటనే మొహం గంభీరంగా పెట్టి, "నువ్వు 1967లో పుట్టావు. ఇప్పుడు 1999. ముప్ఫైరెండేళ్ళవాడివి నలభై అని ఎందుకు అబద్ధం చెబుతున్నావు?" అన్నాడు. ఆ లెక్క నాకు బాగా నచ్చింది.

వాడు ఊరుకోకుండా ఎమామా చెవిన వేశాడు. ఆవిడ తరంలో పుట్టినరోజులు జరుపుకోవడం లేదు. ఆవిడకి తన పుట్టినరోజే తెలియదు. వానల్లో పుట్టానని తెలుసు, ఆ ఏడు సరస్సు నీళ్ళు గుడి మెట్ల దాకా వచ్చాయని వాళ్ళమ్మ చెప్పిందట, అంతే. మా నాయనమ్మా అంతే. "మీ బాబాయి గాలివాన ఏడు పుట్టాడు, మీ అత్త ఎర్రావు ఈనిన నెలలో" అనేది. అయినా రుఫాయేల్ రోజున పుట్టానన్న ఒక్క మాటకి ఎమామా పట్టు పట్టింది. తన ఇంట్లోనే భోజనం. ఎనిమిదిమందిని పిలవాలి. దోరో వొత్ చెయ్యాలి.

దోరో వొత్ అంటే కోడికూర. కోడిని పన్నెండు ముక్కలు చేసి, బుట్టెడు ఉల్లిపాయలు గంటలతరబడి వేయించి, బెర్బెరే కారం దట్టించి, ఉడికిన గుడ్లు వేసి చేసే వాళ్ళ పండగ వంట. నాకోసం విడిగా పప్పు చేస్తానంది. నేను హాయిగా తలూపాను. నా వేరే పళ్ళెం ఎలాగూ నాకుంది కదా.

రెండు రోజుల తరవాత కూతురు నా గది గుమ్మంలోకి వచ్చింది. "అమ్మ కోడి మానేసింది. అందరికీ నీ తిండే" అంది. నేను కంగారుపడ్డాను. అంతమంది వస్తున్నారు, పండగ, ఉపవాసం రోజు కూడా కాదు, నాకోసం అందరూ పప్పు తినడమేమిటి? వెళ్ళి ఎమామాతో అదే అన్నాను. ఆవిడ పిండి జల్లెడ పడుతోంది, తలెత్తలేదు. కూతురు తర్జుమా చేసింది. "ఒకే పళ్ళెం కదా. కోడిపులుసు పారి వచ్చి నీ పప్పులో కలిస్తే నువ్వు తినగలవా? పోనీ నీకు వేరే పళ్ళెం పెడితే, మరి ఆ రోజు పుట్టినరోజు ఎవరిది?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ నేను చెప్పిన కడుపునొప్పి సాకులు ఆవిడ నమ్మిందో లేదో ఆ క్షణాన నాకు తెలిసిపోయింది.

శనివారం పొద్దున లేచేసరికి కరెంటు లేదు. పుట్టినరోజు నాడు తలంటు మా ఇంట్లో ఆచారం. కుంకుడుకాయలు ఎక్కడ తెచ్చేది? కనీసం నూనె అయినా పెట్టుకుందామని కొబ్బరినూనె తలకి పట్టించి, నీళ్ళు కాగడానికి స్టవ్వు ముట్టించాను. అంతలో మామిడిచెట్టు మీద టపటపమని మొదలైంది. ఆవరణలో ఒక్కసారిగా కేకలు. ఎమామా మనవడు, పక్కిళ్ళ పిల్లలు ఆరేడుగురు, చెడ్డీలతో వానలోకి దూకారు. చేతులు చాపి మొహాలు పైకెత్తి ఏదో పాటలా అరుస్తున్నారు. పాగుమె మూడున కురిసే వాన వాళ్ళకి తీర్థం. ఆ రోజు ఆకాశం తలుపు తీసి ఉంటుందట. "రుఫాయేల్, నన్ను పెద్ద చెయ్యి! రుఫాయేల్, నన్ను పెద్ద చెయ్యి!" అని పిల్లలు అడుక్కుంటారు. అరుగు మీద ఎమామా గిన్నెలు, తపేలాలు, ఒక ప్లాస్టిక్ బకెట్టు వరసగా పెట్టి వాననీళ్ళు పడుతోంది.

మనవడు వచ్చి నా చెయ్యి పట్టి లాగాడు. వద్దన్నాను. ఇంకో ఇద్దరు వచ్చి వెనకనుంచి తోశారు. లుంగీ, బనీనుతో వానలో పడ్డాను. చల్లగా ముల్లు గుచ్చినట్టు ఉన్నాయి నీళ్ళు. తలనిండా నూనె, నీళ్ళు నిలవకుండా జారి కళ్ళలోకి, చెవుల్లోకి దిగుతున్నాయి. పిల్లలకి అది వింత. ఒకడు నా నెత్తి మీద వేలు పెట్టి జార్చి చూసి, "రొట్టెకి రాసినట్టు నూనె రాసుకున్నాడు!" అని అరిచాడు. ఇక అందరూ నా తల రుద్దడం మొదలుపెట్టారు. నా తల అందడం లేదని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చిన్నచిన్న చేతులు, పది పన్నెండు, ఒకేసారి. నేను వణుకుతుంటే అరుగు మీంచి ఎమామా "ఐజోహ్! ఐజోహ్!" అంటోంది. ఆ మాటకి సరైన తెలుగు నాకు ఇప్పటికీ దొరకలేదు. బిడ్డ పడితే "ఏం కాలేదులే, లే" అంటామే, అదీ, "నేనున్నాలే" అన్నదీ కలిపితే వస్తుంది. నలభయ్యేళ్ళ వయసులో, అందరితోపాటు నేనూ పెద్ద చెయ్యమని అరిచాను.

పదకొండింటికి టెలిఫోను ఆఫీసుకి వెళ్ళి క్యూలో నిలబడి ఇంటికి ఫోను చేశాను. నిమిషాల లెక్కన అక్కడి డబ్బు, బిర్రులు, కరిగిపోతుంటాయి కాబట్టి ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ, పిల్లలు అయ్యాక అమ్మ తీసుకుంది. "ఇవాళ కాదురా నీ పుట్టినరోజు, ఇంకో వారం ఉంది" అంది. అమ్మకి తిథే లెక్క. ఇంగ్లీషు తారీఖు, వాళ్ళ పాగుమె, అమ్మ తిథి, మూడు పుట్టినరోజులు నాకు. "అయినా ఇవాళ తలంటు పోసుకున్నావా?" అని అడిగింది.

"పోసుకున్నానమ్మా."

"నీకు నువ్వే రుద్దుకున్నావా?"

"లేదు, ఇక్కడి పిల్లలు రుద్దారు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "మంచి పిల్లలు" అంది. లైను కట్టయింది, లేదా నా డబ్బులు అయిపోయాయి.

తిరిగి వచ్చేసరికి ఆవరణంతా ఒకటే వాసన. పట్టిన వాననీళ్ళతో ఎమామా గోధుమపిండి కలిపి పొంగబెట్టింది. గేటు పక్క కోబా ఆకులు రెండు కోసి, కడిగి, మితాద్ మీద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచి, వాటిలో పిండి పోసి, అంచులు పైకి మడిచి మూసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు వేసింది. కింద నిప్పులు, పైన నిప్పులు. దిఫో దాబో అంటారు ఆ రొట్టెని. నాకైతే మూకుడు మీద నిప్పులు వేసి మా అమ్మ కాల్చే దిబ్బరొట్టే గుర్తొచ్చింది. పేరు కూడా దగ్గర్లోనే ఉంది. ఆకు కమిలిన వాసన మాత్రం పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలది. ఆ రెండు వాసనలూ ఒకే పొయ్యి దగ్గర ఎప్పుడైనా కలుస్తాయని నేననుకోలేదు. కేకు తెస్తానని డిపార్టుమెంటు కుర్రాడు అంటే ఎమామా వద్దందట, రొట్టె ఉండగా కేకెందుకని.

భోజనం ఎనిమిది గంటలకి. కంగారుపడకండి, మధ్యాహ్నం రెండింటికే. అక్కడ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ళకి ఒంటిగంట, మన రెండు వాళ్ళకి ఎనిమిది. ఎమామా ఎనిమిదంటే ఆ చెవితో విని, గొందర్‌లో ఉన్న మన తెలుగాయన ఒకాయనకి ఫోనులో అదే మాట చెప్పేశాను. ఆగస్టులోనే దిగిన మనిషి. ఆ ముచ్చట తరవాత.

రెండింటికి అందరూ చేరారు. మా స్టాఫ్ రూము వాళ్ళు ముగ్గురు, మలయాళీ లెక్కల మాస్టారు, ఆయన భార్య, పక్కింటి ముసలాయన, డిపార్టుమెంటు కుర్రాడు, గేటు బయట బజాజ్ నడిపే అబ్బాయి. నేల మీద పచ్చగడ్డి పరిచారు. ఒక మూల సాంబ్రాణి పొగ. కూతురు చెంబు, పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వచ్చి చేతుల మీద నీళ్ళు పోసింది. ముసలాయన లేచి రొట్టె మీద చెయ్యి పెట్టి దీవెనలు మొదలుపెట్టాడు. ఒక్కో వాక్యానికీ అందరూ "అమేన్" అనాలి. మన ఆశీర్వచనానికి తథాస్తు అన్నట్టు. నాకు అర్థమైంది సగమే. కూతురు చెవిలో చెబుతోంది, "నీ పిల్లల పెళ్ళిళ్ళు చూడాలట... నువ్వు వెళ్ళే దారిలో రాళ్ళు లేకుండా ఉండాలట..." చాలాసేపు సాగింది. ఆఖరికి ఆయన రొట్టె కోసి మొదటి ముక్క నాకిచ్చాడు. కోబా ఆకు ఈనెల అచ్చు ఆ ముక్క మీద పడి ఉంది, అరచేతి గీతల్లా. "మెల్కామ్ లిదెత్" అన్నారు అందరూ, అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు.

అప్పుడు మెసోబ్ మూత తీశారు. పళ్ళెం నిండా ఇంజెరా. మధ్యలో ఎర్రగా బెర్బెరే వేసిన మసూరు పప్పు, ఒక పక్క పసుపు పచ్చ బఠాణీ పప్పు, క్యాబేజీ, క్యారెట్, ఆకుకూర, బీట్‌రూట్, ఓ కుప్ప విరిచిన పాల ముద్దలాంటి ఆయిబ్. మట్టిపాత్రలో ఇంకా ఉడుకుతూనే షిరో వచ్చింది. అది సెనగపిండితో చేస్తారు. మన పూరీల్లోకి చేసుకునే బొంబాయి చట్నీకి చుట్టమే, కాకపోతే ఇది ఎర్రది, పొగరుబోతుది. నేను నెయ్యి తింటానని తెలుసు కాబట్టి ఎమామా ఆ రోజు నూనె బదులు నెయ్యి వాడింది. వాళ్ళు వెన్న కాచేటప్పుడు ఏవో ఆకులు, పెద్ద యాలకులవంటివి వేస్తారు. మునగాకు వేసి కాచిన నెయ్యి తిన్నవాళ్ళకి ఆ ఆలోచన కొత్త కాదు. ఉపవాసం వంటల్లో నెయ్యి వెయ్యడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారట. "ఇది ఉపవాసమూ కాదు, పండగా కాదు. ఇది నీది" అంది.

నేను చెయ్యి చాపలేదు. ఎనిమిది చేతులు పళ్ళెం మీద వంగాయి, నాది ఒళ్ళోనే ఉంది. నలభయ్యేళ్ళ అలవాటు అంత తేలిగ్గా పోదు. ఎమామా అది చూసింది. ఇంజెరా ముక్క చింపి, షిరోలో ముంచి, పప్పు కొంచెం, ఆకుకూర కొంచెం చేర్చి, వేళ్ళతో వత్తి చిన్న మూటలా చుట్టి నా నోటి దగ్గరికి తెచ్చింది. గుర్షా. మన గోరుముద్దకి వాళ్ళ మాట అది. ఆవిడ వేళ్ళు ముడతలు పడి, బెర్బెరేతో ఎర్రబడి ఉన్నాయి. చూపుడువేలి మీద పొద్దున నిప్పులు తగిలిన బొబ్బ. నోరు తెరిచాను.

ఒకటి మింగేలోపు రెండోది వచ్చింది. ఒక్కటి పెట్టి ఊరుకుంటే స్నేహం చెడుతుందట. మనవాళ్ళు మారు వడ్డించకుండా వదలరే, అదే. తరవాత ముసలాయన పెట్టాడు, తరవాత బజాజ్ అబ్బాయి. తను పెట్టేసి, తనకి పెట్టమని నోరు తెరిచి కూర్చున్నాడు. మొదటి ముద్ద చుట్టడం చేతకాక పప్పంతా వాడి చొక్కా మీద పోశాను. అందరూ విరగబడి నవ్వారు. ఆ తరవాత ఎవరి చెయ్యి ఎటు వెళ్ళిందో, నేను ఎవరి వైపు ఇంజెరా చింపానో నాకు తెలియదు. కూరలన్నీ అయ్యాక అడుగున ఉన్న ఇంజెరాయే అసలు రుచి, అన్ని రసాలూ పీల్చుకుని ఉంటుంది. దానికోసం మలయాళీ మాస్టారికీ నాకూ దాదాపు గొడవ అయింది.

కాఫీ ఎమామా కూతురు చేసింది. సరస్సులోకి చొచ్చుకొచ్చిన జెగె అడవిలో పండే కాఫీ. పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, పొగలొస్తుండగా ఆ పెనాన్ని ఒక్కొక్కరి ముందుకీ తిప్పింది. మనం హారతి కళ్ళకద్దుకున్నట్టు ఆ పొగని చేత్తో మొహం వైపు తోసుకోవాలి. తరవాత దంచి, జెబెనా అనే సన్నమెడ మట్టికూజాలో కాచి, పిడిలేని బుల్లి కప్పుల్లోకి ఎత్తు నుంచి సన్నటి ధారగా పోసింది. మూడు విడతలు. మొదటిది అబోల్, చిక్కన. రెండోది తోనా. మూడోది బరకా, అంటే దీవెన. నీళ్ళగా ఉన్నా మూడోది తాగకుండా లేవకూడదు. గంటన్నర పట్టింది. పక్కన గంపలో పేలాలు. ముసలాయన, ఎమామా ఏవో పాత సంగతుల్లో పడ్డారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, లేవబుద్ధీ కాలేదు.

చీకటి పడింది, అందరూ వెళ్ళిపోయారు. సరిగ్గా రాత్రి ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. గొందర్ తెలుగాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం. మధ్యాహ్నం నుంచీ ఊళ్ళోనే ఉన్నాడట. చెప్పిన టైముకంటే ముందొస్తే బాగోదని సరస్సు ఒడ్డున మూడుగంటలు కూర్చుని పెలికాన్లని లెక్కపెట్టాడు. విషయం తెలిశాక నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఎమామాకి మాత్రం మహా సరదా వేసింది. కొవ్వొత్తి వెలుగులో మిగిలిన ఇంజెరా, షిరో వేడిచేసి తెచ్చింది, మళ్ళీ ఒకే పళ్ళెంలో. ఆయన నా మొహం చూశాడు. "వేరే పళ్ళెం అడగనా?" అన్నాడు తెలుగులో, గుసగుసగా. "తినండి గురూగారూ" అన్నాను.

పొట్లంలో ఆవకాయ. వాళ్ళమ్మగారు కట్టిచ్చిన రెండు సీసాల్లో ఒకటి నా కానుక. మూత తియ్యగానే గదంతా ఆవపిండి ఘాటు. ఇంజెరాలో ఆవకాయ నంజుకుని తిన్నాం, దాని పులుపుకి దీని కారం జోడీ కుదిరినట్టు ఇంకే కూరా కుదరలేదని నా గట్టి అభిప్రాయం. ఎమామాకి చిన్న ముక్క పెట్టాను, గుర్షాగా. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. నీళ్ళు కారాయి. మంచినీళ్ళు అడుగుతుందనుకున్నాను. ఇంకో ముక్క అడిగింది.

ఆ ఆవకాయ నాకు దక్కింది సగమే. ఖాళీ అయిన సీసా కూడా ఆవిడే తీసుకుంది.

2010లో కాంట్రాక్టు అయిపోయి వచ్చేసేటప్పుడు, సూట్‌కేసుకి తాళం వేస్తుంటే ఎమామా అదే సీసా తెచ్చి చేతిలో పెట్టింది, నిండా బెర్బెరే పోసి, మూతకి గుడ్డ కట్టి. సీసా ఊరికే ఎలా తిరిగిస్తామంది. ఇంటికొచ్చాక బట్టల మధ్యనుంచి తీసి అలమరలో పెట్టాను, ఎవరూ ముట్టుకోకుండా. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పుచారు నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. "సాంబారు కారం అనుకున్నానండీ" అంది మా ఆవిడ, "ఘాటెక్కువైందా?" కాదన్నాను. మళ్ళీ పోయించుకున్నాను.